మైన్‌స్వీపర్ వెనక డెక్కు సామాను మళ్ళీ కట్టిన పని: నా అనుభవం

మెల్‌బోర్న్ దగ్గర ఒక చిన్న సముద్ర మ్యూజియం షెడ్డులో ఒరొపెసా స్వీప్ సెట్టు ఒకటి ఏళ్ళ తరబడి టార్పాలిన్ కింద పడి ఉంది. మైన్‌స్వీపర్ అంటే ఓడల్ని పేల్చడానికి నీళ్ళలో పెట్టిన మైన్లను ఏరే ఓడ. రెండో ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియాలో కట్టిన బాథర్స్ట్ తరగతి మైన్‌స్వీపర్లు, మైన్లను పట్టి ఉంచే తీగలు కోయడానికి సముద్రంలోకి వదిలి వెనక లాక్కెళ్ళిన రకం సామాను ఇది. ఈ ఏడాది ఫిబ్రవరిలో వాలంటీర్లం దాన్ని విప్పడం మొదలుపెట్టి, ఆగస్టు చివరికి మళ్ళీ కట్టి నిలబెట్టాం. ఇలాంటి పనికి పోదామనుకునే మనవాళ్ళు అడిగేది సాధారణంగా రెండే: ఎన్నాళ్ళు పడుతుంది, చేతినుంచి ఎంత పోతుంది. రెండూ రాస్తాను. ఆ ఇనుము చేతికి వచ్చాక మైన్‌స్వీపర్ల యుద్ధం గురించి తెలిసింది అంతకన్నా ఎక్కువ, అదీ రాస్తాను.

చేరడం తేలికే. ఫారం నింపాక పిలుపు రావడానికి మూడు వారాలు పట్టింది. విక్టోరియాలో పిల్లలతో మెలగాల్సిన చోట వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్ అడుగుతారు. వాలంటీర్లకు దానికి ఫీజు లేదు. స్టీలు ముక్కు బూట్లు మనమే కొనుక్కోవాలి, 130 డాలర్లయ్యాయి. మాస్కు, ఫిల్టర్లు వాళ్ళే ఇస్తారు. కానీ గడ్డం ఉంటే మాస్కు ముఖానికి అతుక్కోదు, పక్కల నుంచి గాలి దూరుతుంది. కాబట్టి నున్నగా గీసుకుని రమ్మంటారు. తిరుపతి మొక్కు ఉన్నవాళ్ళు ముందే చూసుకోండి.

మొదటి రోజే సుత్తి పట్టుకుని తుప్పు కొట్టవచ్చనుకుంటే పొరపాటు. ముందు రంగు పరీక్ష. బూడిదరంగు పొరల కింద నారింజ ఛాయ ప్రైమర్ కనబడింది. ఆ కాలంలో ఇనుముకు వేసేది రెడ్ లెడ్, అంటే సీసం. స్వాబ్ రుద్దగానే రంగు మారింది. ఇక గ్రైండర్ వాడకూడదు, పొడిగా గీకకూడదు. కింద ప్లాస్టిక్ పరిచి, తడిపి, రసాయనం పూసి, మెత్తబడ్డాక చెక్కుతూ పోవాలి. వ్యాక్యూమ్ కూడా సన్నని దుమ్ము పట్టే ఫిల్టర్ ఉన్నదే అయ్యుండాలి. టీ, బిస్కెట్లు షెడ్డు బయటే. పనిబట్టలు ఇంటికి తెచ్చి పిల్లల బట్టలతో కలిపి మెషిన్లో వేయకూడదు. ఒక్క ఆటర్ బోర్డు (స్వీప్ వైరును పక్కకు లాగే రెక్కల చట్రం) రెండు వైపులా గీకడానికి మార్చి నెల దాదాపు అంతా పోయింది. విసుగొచ్చి మానేసినవాళ్ళలో ఎక్కువమంది ఈ దశలోనే మానేశారు.

వైరును చుట్టే, వదిలే విన్చి దగ్గర ఇంకో అడ్డం తగిలింది. డ్రమ్ము బ్రేక్ లైనింగ్ చూస్తే ఆస్‌బెస్టాస్ అని అనుమానం. శాంపిల్ మేం తీయకూడదు. లైసెన్సు ఉన్నవాళ్ళు వచ్చి తీసి ల్యాబ్‌కి పంపారు. ఫలితం పది రోజుల్లో వచ్చింది: ఆస్‌బెస్టాసే. దాన్ని తీసేవాళ్ళ తేదీ దొరకడానికి మాత్రం రెండు నెలలు. విన్చి చుట్టూ టేపు కట్టి, జూన్ దాకా దాని జోలికి పోలేదు. మొత్తం బడ్జెట్‌లో పెద్ద వాటా దీనికే పోయింది. రంగుకో, ఇనుముకో ఖర్చవుతుందనుకుంటాం. అసలు ఖర్చు పాత ఓడ సామానులో దాక్కున్న విషాలకు.

ఈ ఎదురుచూపుల్లో చదవడానికి టైము దొరికింది. ఆస్ట్రేలియన్ వార్ మెమోరియల్ వెబ్‌సైట్‌లో ఏడబ్ల్యూఎం78 అనే వరసలో ఓడల నెలవారీ నివేదికలు ఉన్నాయి, స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. పని మొదలుపెట్టే ముందే చదవమని చెబుతాను. మైన్‌స్వీపర్ అంటే నిత్యం మైన్లు ఏరుతూ ఉంటుందనుకుంటాం. నివేదికల్లో కనబడేది కాన్వాయ్ కాపలా, జలాంతర్గాముల వేట, సైనికుల్ని దించడం, ఎక్కించుకోవడం, సర్వే పని. బాథర్స్ట్ తరగతి ఓడలు 60 కట్టారు. 186 అడుగుల పొడవు, రెండు ఆవిరి ఇంజన్లు, 15 నాట్ల వేగం. అందులో 4 రాయల్ ఇండియన్ నేవీకి వచ్చాయి: బెంగాల్, బాంబే, మద్రాస్, పంజాబ్. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయన్నది మన ఇళ్ళలో పెద్దల నోట విన్నదే. అదే ఏడాది నవంబర్ 11న డచ్చి ట్యాంకర్ ఒండినాకు కాపలాగా వస్తున్న బెంగాల్‌కు హిందూ మహాసముద్రంలో రెండు జపాన్ సాయుధ ఓడలు ఎదురయ్యాయి. బెంగాల్ ఓ మైన్‌స్వీపర్, ముందు డెక్కు మీద ఉన్నది ఒక్క చిన్న తుపాకి. వెనక్కి తిరగకుండా ఎదురెళ్ళింది. రెండు జపాన్ ఓడల్లో ఒకటైన హొకోకు మారు పేలి మునిగింది. ఒండినా కెప్టెన్ చనిపోయాడు. ఓడలు మాత్రం రెండూ బతికి రేవు చేరాయి.

ఆ తరగతిలో యుద్ధకాలంలో పోయినవి మూడు. ఆర్మిడేల్‌ను 1942 డిసెంబర్ 1న తైమూర్ దగ్గర జపాన్ విమానాలు ముంచాయి. వొల్లరూ 1943లో, జీలాంగ్ 1944లో వేరే ఓడలు గుద్దుకుని మునిగాయి. మైను తగిలి మునిగింది ఒక్కటీ లేదు. నాలుగోది వార్నంబూల్. దాన్ని మైనే ముంచింది, అదీ యుద్ధం ముగిసిన రెండేళ్ళకు. అది తర్వాత.

ఏప్రిల్లో ఫ్లోటు పని పట్టుకున్నాం. టార్పెడో ఆకారంలో ఉండే బోలు ఇనప తొట్టి. పైన చిన్న జెండా కర్ర గుచ్చడానికి గొట్టం. ప్లగ్గు విప్పగానే నల్లటి నీళ్ళు, కుళ్ళు వాసన. ప్రదర్శనకే కదా, తేలాల్సిన పని లేదు కదా అని వదిలేయకూడదు. లోపల చెమ్మ ఉంటే బయటి రంగు రెండేళ్ళు కూడా ఆగదు. నీళ్ళు వంచేసి, వేడిగాలి పెట్టి ఆరబెట్టి, కొద్దిపాటి గాలి ఎక్కించి, అతుకుల మీద సబ్బునీళ్ళు పూసి చూశాం. గాలి మరీ కొద్దిగానే. అంత వెడల్పు రేకు మీద ఒత్తిడి కాస్త పెరిగినా మూత తుపాకీ గుండులా వస్తుంది. బుడగలు రెండు చోట్ల వచ్చాయి. అవి మూసి, లోపల చేపనూనెతో చేసే తుప్పు మందు కొట్టాం. తుప్పుకు అంత మంచి మందు లేదు గానీ, ఆ వాసన వారం పాటు జుట్టులోంచి పోలేదు.

నట్టులు ఇంకో తలనొప్పి. అన్నీ బ్రిటిష్ విట్‌వర్త్ మరలు. మెట్రిక్ స్పానర్ పట్టదు, అమెరికన్ అంగుళాల స్పానరూ పట్టదు. బలవంతం చేస్తే నట్టు మూలలు అరిగిపోతాయి. పాత సామాన్ల సంతలో విట్‌వర్త్ స్పానర్ల సెట్టు 80 డాలర్లకు దొరికింది. కొత్త బోల్టులు తెప్పించాలంటే నాలుగు వారాలు. ఏది విప్పినా ఫొటో తీసి, చీటీ కట్టి, నట్టును దాని బోల్టుకే తిరిగి ఎక్కించి పెట్టడం మొదటి రోజే అలవాటు చేసుకోండి.

ఇక ఆటర్, కైటు. స్వీప్ అంతా వీటి మీదే నడుస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలాంటి చట్రాలు: బలమైన ఫ్రేము, దానిలో ఏటవాలుగా బిగించిన రెక్కలు. నిలువుగా కట్టి లాగితే నీటి ఒత్తిడికి పక్కకు ఈడ్చుకుపోతుంది, అది ఆటర్. పడుకోబెట్టి కడితే కిందికి లాగుతుంది, అది కైటు. విశాఖ ఫిషింగ్ హార్బర్లో మరబోట్ల వెనక వేలాడే రెండు బోర్డులు చూసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. వల నోరు తెరిచి ఉంచడానికి అవి ఒకటి అటూ ఒకటి ఇటూ లాగుతాయి, ఇదీ అదే సూత్రం. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ మైన్లు ఏరే పనికి చేపల ట్రాలర్లనూ వాటి మనుషుల్నీ పెట్టుకోవడం ఊరికే కాదు. ఒరొపెసా అనే పేరు కూడా ఈ పద్ధతిని మొదట ప్రయత్నించి చూసిన ట్రాలర్‌దే.

ఆటర్‌కి నాలుగు మూలల నుంచి గొలుసులు వచ్చి ఒకచోట కలుస్తాయి. వాటిలో లింకుల లెక్క తప్పితే అంతా తప్పుతుంది. ఒక గొలుసులో ఒక్క లింకు తక్కువైనా బోర్డు కోణం మారి పైకి తేలుతుంది, లేదా అడుక్కి దూకి బురదలో గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే ఓడ ఆగదు కాబట్టి తెగేది వైరే. మా సెట్టులో రెండు గొలుసులు ఎవరో మార్చేసి ఉన్నాయి. పాత డ్రాయింగ్ కాపీ తెప్పించుకుని సరిచూసేసరికి మే నెల వచ్చింది.

కట్టర్ల పెట్టె తెరిచిన రోజు మాత్రం అందరికీ చెమటలు పట్టాయి. కట్టర్లు రెండు రకాలు. ఒకటి ఉత్త ఇనుము: వి ఆకారపు నోరు, లోపల రంపపు పళ్ళు. మైనును పట్టి ఉంచే తీగ జారుతూ వచ్చి ఆ నోట్లో పడి తెగుతుంది. రెండోది మందు పెట్టినది: తీగ నోట్లో పడగానే మీట నొక్కుకుని, చిన్న పేలుడుతో ఉలి దూసుకొచ్చి తీగను తెంచుతుంది. పెట్టెలో ఎక్కువ మొదటి రకమే. అడుగున మూడు రెండో రకం, వాటిలో ఒకదానికి మూత బిగించే ఉంది. మాతో పనిచేస్తున్న నెల్లూరు కుర్రాడు దాన్ని చూస్తూనే చేయి వెనక్కి తీసుకుని, "అన్నా, ఇందులో మందు ఉందంటావా?" అన్నాడు. ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు చేయాల్సింది ఒకటే: కదపకూడదు, ఊపకూడదు, విప్పకూడదు, అందరూ బయటికి వచ్చేయాలి. ఇక్కడ పోలీసులకు ఫోన్ చేస్తే వాళ్ళే రక్షణశాఖ వాళ్ళకు చెబుతారు. మర్నాడు ఇద్దరు వచ్చి, చిన్న ఎక్స్‌రే యంత్రం పెట్టి చూశారు. లోపల ఖాళీ. వచ్చినవాళ్ళు నవ్వలేదు, విసుక్కోలేదు. ఇలాంటి ఫోన్లు వస్తూనే ఉంటాయట. షెడ్డు రెండు రోజులు మూతపడింది. ఆ తర్వాత మూడింటికీ ఖాళీ అని రాసిన రేకు చీటీ కట్టించారు.

వైరు సంగతి. ఒరొపెసాలో వైరు ఉత్త తాడు కాదు, అదీ కోసే సాధనమే. పేట గరుకుగా ఉంటుంది. మైను తీగ దాని వెంట జారుతున్నంతసేపూ రంపంలా కోస్తూ పోతుంది. ఒక్కో వైపు దాదాపు 500 గజాల వైరు వదిలేవాళ్ళు. మా చుట్టలో పైపొర చిట్లిన పోగులతో ముళ్ళకంపలా ఉంది. తోలు గ్లవుసులు ఉన్నా చేతిని వైరు వెంట జార్చకూడదు. పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకోవాలి. పేట విడదీసే ఇనప సూదితో మధ్యలో తెరిచి చూస్తే లోపల ఎర్రటి పొడి రాలింది. పైకి గ్రీజుతో నల్లగా, గట్టిగా కనబడినా లోపల ఖాళీ. అలాంటి వైరుకు బరువు వేలాడదీయకూడదు. బాగున్న 40 మీటర్ల ముక్క ప్రదర్శనకు ఉంచి, మిగతాది కోసేశాం. బరువంతా మోసేది గోడకు కట్టిన కొత్త స్లింగులు. పాత వైరు పైపైన కనబడుతుందంతే.

జూలైలో అన్నీ నేలమీద వరసగా పరిచి, డెక్కు మీద ఏది ముందు ఏది వెనక అనేది అడుగడుగునా చేసి చూశాం. నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన చెబుతుంటే మేం చేశాం. ఓడ నెమ్మదిగా ముందుకు పోతుండగా డేవిట్‌తో, అంటే ఓడ అంచున ఉండే చిన్న క్రేనుతో, ఫ్లోటు నీళ్ళలోకి. ఫ్లోటుకీ ఆటర్‌కీ మధ్య ఒక తీగ ఉంటుంది. స్వీప్ ఎంత లోతున నడవాలో దాని పొడవే తేలుస్తుంది. లోతు మార్చాలంటే ఆ తీగ మార్చాల్సిందే. తర్వాత ఆటర్. అది పక్కకు లాగడం మొదలుపెట్టాక విన్చి నుంచి వైరు వదులుతారు, మధ్యమధ్య ఆపి కట్టర్లు బిగిస్తారు. కావలసినంత వదిలాక కైటును దించుతారు. ఓడ వెనకే అది వైరును అదే లోతుకు తొక్కి పట్టి ఉంచుతుంది. అప్పుడు వేగం పెంచుతారు. దూరాన పక్కగా జెండా ఊపుకుంటూ వచ్చే ఫ్లోటు ఒక్కటే పైకి కనబడేది. అది సరిగ్గా తన చోట నడుస్తుంటే కింద ఆటర్ బాగానే ఉన్నట్టు. మునిగినా, వెనక్కి జారినా ఏదో తగిలినట్టు.

మైను కట్టడం తెలిస్తేనే ఈ లోతుల లెక్క బోధపడుతుంది. లంగరు మైను అంటే తేలే బంతి, దాని కింద బరువు పెట్టె, రెంటికీ మధ్య చుట్ట చుట్టిన తీగ. పెట్టె కింద మళ్ళీ ఒక చిన్న గుండు, దాని తాడు ముందే కొలిచి కట్టి ఉంటుంది. ఓడ మీది నుంచి పడేయగానే బంతి పైన తేలుతుంది, పెట్టె తీగ వదులుతూ దిగుతుంది, గుండు దానికన్నా కింద వేలాడుతుంది. గుండు అడుగుకు తగలగానే తీగ వదలడం ఆగి బిగుసుకుంటుంది. పెట్టె ఇంకా గుండు తాడంత దిగాలి కాబట్టి బంతిని సరిగ్గా అంతే లోతుకు లాక్కుపోతుంది. తాడు పది అడుగులైతే మైను నీటిమట్టానికి పది అడుగుల కింద ఆగుతుంది. ఎవరూ కొలవక్కర్లేదు. కానీ ఆ పది అడుగులు వేసిన వేళ నీటిమట్టానికే. పాటు వేళ నీళ్ళు తగ్గితే మైను పైకొచ్చినట్టే, పోటు వేళ కిందికి పోయినట్టే. బాథర్స్ట్ ఓడకు నీళ్ళలో ఎనిమిదిన్నర అడుగుల లోతు కావాలి. అందుకే పోటు మీద ఏరడం మొదలుపెట్టాలని చూసేవాళ్ళు.

బంతి మీది కొమ్ముల్లో సీసపు తొడుగు, లోపల రసాయనం నిండిన గాజు గొట్టం. ఓడ ఒరుసుకుంటే సీసం వంగి గాజు పగులుతుంది, రసాయనం కిందకి కారి బ్యాటరీగా మారి కరెంటు పుడుతుంది. ముందే నింపిన బ్యాటరీ లేదు కాబట్టి ఏళ్ళు గడిచినా చావదు. తీగ తెగి పైకి తేలిన మైనును రైఫిళ్ళతోనో, ఓర్లికాన్ తుపాకితోనో దూరం నుంచి కొట్టి ముంచాలి. 1907 హేగ్ ఒప్పందం ప్రకారం లంగరు తెగిన మైను తనంతట తానే చచ్చిపోవాలి. ఏరేవాళ్ళెవరూ దాన్ని నమ్ముకుని దగ్గరికి వెళ్ళలేదు.

అసలు ప్రమాదం వైరు లోపలికి లాక్కునేటప్పుడు. తెగని మైను తీగ ఆటర్‌కో కట్టర్‌కో చిక్కుకుని ఉంటే, విన్చి దాన్ని నేరుగా ఓడ వెనక భాగానికే తెచ్చి పెడుతుంది. అందుకే చివరి భాగం చాలా మెల్లగా లాగాలి, ఒక మనిషి నీళ్ళలోకే చూస్తూ ఉండాలి. అనుమానం వస్తే వైరు నరికి సామాను మొత్తం వదిలేయాలి. బిగువు మీద ఉన్న వైరు తెగితే రెండు కొసలూ కొరడాలా వెనక్కి వస్తాయి, అందుకే దాని దారిలో ఎవరూ నిలబడకూడదని గీత గీసి ఉంచేవాళ్ళు. షెడ్డులో మేమూ అదే గీత గీశాం. ఉత్త ప్రదర్శన అయినా.

ఒక ఓడ ఒక్కటే ఏరదు. వరసగా, ఒకదాని వెనక ఒకటి కాస్త పక్కకు జరిగి నడుస్తాయి. ముందున్న ఓడ ఏరిన నీళ్ళలోనే వెనక ఓడ ఉంటుంది, తన స్వీప్‌ను మాత్రం ఇంకా ఏరని వైపుకు చాచుతుంది. చివర బోయాలు వేసే పడవలు శుభ్రమైన హద్దును గుర్తుపెడతాయి. ఈ అమరికలో ఏ రక్షణా లేనిది మొదటి ఓడకే. 1944లో మిత్రరాజ్యాల సైన్యాన్ని ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో దించడానికి మైన్లు ఏరి దారి చేసినప్పుడైతే మధ్యలో ఆటుపోట్ల ప్రవాహం దిశ మారుతుంది కాబట్టి, చీకట్లోనే స్వీప్‌లు పైకి లాగి రెండో వైపుకు వేయాల్సి వచ్చింది. ఇప్పుడు ఆ సంగతి చదివితే నాకు నిమిషాలు కనబడతాయి: కైటు ఎత్తడం, కట్టర్లు ఒక్కొక్కటే విప్పడం, ఆటర్, ఫ్లోటు, మళ్ళీ అన్నీ తిరగేసి. మేం పగటి వెలుతురులో, కదలని నేల మీద ఒక్క వైపు సర్దడానికే పూట పట్టింది.

ఈ సామాను దేనికి పనికిరాదో కూడా చెప్పాలి. ఇది లంగరు మైన్లకు మాత్రమే. అడుగున పడుకుని ఓడ ఇనుముకు స్పందించే అయస్కాంత మైనుకు తీగే లేదు, కట్టర్ దేన్ని కోయాలి? 1939 నవంబర్‌లో ఇంగ్లండ్‌లోని షూబరీనెస్ బురదలో దొరికిన జర్మన్ మైనును విప్పి చూశాకే దాని గుట్టు తెలిసింది. ఆ తర్వాత తేలే కరెంటు కేబుళ్ళు రెండు వెనక లాగుతూ, వాటిలో ఆగి ఆగి కరెంటు పంపే పద్ధతి వచ్చింది. చప్పుడుకు పేలేవాటికి ముందు భాగంలో రోడ్లు తవ్వే సుత్తి లాంటిది పెట్టెలో దించి మోగించారు. ఓడ వెళ్తుంటే నీటి ఒత్తిడిలో వచ్చే తేడాను పట్టే మైన్లు 1944లో వచ్చాయి, వాటికి యుద్ధం ముగిసేదాకా సరైన స్వీప్ దొరకలేదు. మా షెడ్డులో ఆ కేబుళ్ళు లేవు.

మెల్‌బోర్న్ వాళ్ళకు ఇది దూరదేశపు కథేమీ కాదు. 1940 నవంబర్ 7న విల్సన్స్ ప్రొమొంటరీ దగ్గర కేంబ్రిడ్జి అనే ఓడ, మర్నాడు కేప్ ఓట్వే దగ్గర అమెరికా ఓడ సిటీ ఆఫ్ రేవిల్, జర్మన్లు బాస్ జలసంధిలో గుట్టుగా వేసిపోయిన మైన్లకు మునిగాయి. వాటిని ఏరడానికి వెళ్ళిన గూరంగై అనే చేపల ట్రాలర్ నవంబర్ 20 రాత్రి పోర్ట్ ఫిలిప్ దగ్గర పెద్ద ఓడ గుద్ది మునిగితే 24 మందీ పోయారు. ఆ ఓడా మైను తగిలి పోయింది కాదు.

యుద్ధం 1945లో ముగిసింది. కాపలా ఓడలు ఇంటికి వెళ్ళాయి. మైన్‌స్వీపర్ల అసలు పని అప్పుడు మొదలైంది. బాథర్స్ట్ ఓడలు కొన్ని హాంకాంగ్ చుట్టూ ఏరాయి. ఇంటి దగ్గర మిగిలింది ఇంకా పెద్దది. శత్రువు రాకుండా ఆస్ట్రేలియా తానే గ్రేట్ బారియర్ రీఫ్ దారుల్లో వేసుకున్న మైన్లు. వేసింది ప్రధానంగా బంగరీ అనే ఓడ. ఆ మైన్లను ఏరుతూ 1947 సెప్టెంబర్ 13న కాక్‌బర్న్ రీఫ్ దగ్గర వార్నంబూల్ మునిగింది, నలుగురు పోయారు. తమ దేశం వేసిన మైనుకే. మా ప్రదర్శన బోర్డు మీద ముందు అనుకున్నది బెంగాల్ పోరాటం, ఆర్మిడేల్ వీరత్వం. వార్నంబూల్‌కు కూడా అంతే పెద్ద అక్షరాలు ఉండాలని పట్టుబట్టాం, ఎందుకంటే ఈ సామాను ఆ పని కోసం పుట్టింది.

ఖర్చుల సంగతికి వస్తే, బూట్లు, స్పానర్లు, గ్లవుసులు, పెట్రోలు కలిపి ఏడు నెలల్లో నా చేతినుంచి 400 డాలర్లు దాటింది. శనివారాలు పోయాయి. ఒళ్ళునొప్పులు మొదటి నెలే. ఆ తర్వాత అసలు కష్టం ఎదురుచూపే: ల్యాబ్, తేదీలు, బోల్టులు, డ్రాయింగ్. వారానికి సరిపడా పని రెండు మూడు రకాలు చేతిలో ఉంచుకోకపోతే షెడ్డుకెళ్ళి టీ తాగి రావడమే అవుతుంది. రంగు వేయడానికి మెల్‌బోర్న్ శీతాకాలం పనికిరాదు. జూన్, జూలైలో ఇనుము మీద చెమ్మ ఆరదు, ప్రైమర్ తెల్లబడుతుంది. వేసవిలో గీకడం పూర్తిచేసి మేలోపు ప్రైమర్ కొట్టేయండి.

విన్చికి కొత్త బ్రేక్ లైనింగ్, ఆస్‌బెస్టాస్ లేనిది, అక్టోబర్‌లో వస్తుందన్నారు. అది బిగించాక డ్రమ్ము చేత్తో తిప్పి చూపించవచ్చు. అప్పటిదాకా కింద చెక్క అడ్డు పెట్టి, ఎర్ర రిబ్బన్ కట్టి ఉంచాం. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు ఆ చెక్క తియ్యకండి, పిల్లల్ని దాని దగ్గరికి వెళ్ళనివ్వకండి.